ఒసాకాలో అలిగిన మామ

మొన్న కావలిలో ఒక పెళ్ళికి వెళితే అన్నం ముద్దయిపోయింది. పాపం, వంటవాడిదేం తప్పు లేదు, బియ్యం కొత్తవి. మగపెళ్ళివారి పంక్తిలో ఒక పెద్దాయన ముద్దను ఆకులో అటూ ఇటూ దొర్లించి, “ఏందయ్యా ఇది, అన్నమా, గోడలకి కాయితాలంటించే బంకా?” అన్నాడు. ఆయన పక్కాయన, “మనం ఆసుపత్రిలో నుంచి లేచొచ్చినామని ఎవురో చెప్పినట్టుండారు” అన్నాడు. పెళ్ళికూతురి తండ్రి ముఖం మాడిపోయింది. నేను మాత్రం వడ్డించేవాళ్ళను పిలిచి ఇంకో హస్తం అన్నం వేయించుకున్నాను. మా ఆడబిడ్డ నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడకేం తెలుసు మా మామ సంగతి!

మామ అంటే మా అమ్మకు అన్న. తోటపల్లి గూడూరు దగ్గర, గాలి తిరిగితే సముద్రం వినిపించే పల్లె ఆయనది. మనిషి పొడుగు, మీసం అంతకంటే పొడుగు. వరి తప్ప ఇంకేదైనా పండించేవాణ్ణి ఆయన రైతుగా లెక్కవేసేవాడు కాదు. “వేరుశెనక్కాయలా? అదేందబ్బా, పొద్దుపోక ఏసినావా?” అని అడిగేవాడు, నవ్వకుండా.

ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు ఒక్క మెతుకు తీసి మునిపళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా నొక్కేవాడు. తర్వాత ఆ బియ్యం వయసు పైకి చెప్పేవాడు. “ఏడాదిన్నర.” “రెండేళ్ళు దాటింది, పర్లేదు, పెట్టండి.” పక్కనున్న మా అత్త ఆయన తొడ మీద గిల్లేది. ఆయన ఆ గిల్లుడు కూడా పైకే చెప్పేవాడు. “ఎందుకు మే గిల్లతావు, ఉన్నమాటే గదా అన్నా!”

నా పెళ్ళి మాటల్లో మొదట వచ్చిన సంబంధం ఆ మెతుకు దగ్గరే తెగింది. వాళ్ళింట్లో విస్తరి ముందు కూర్చుని కళ్ళు మూసుకున్న మనిషి, తేలు కుట్టినట్టు తెరిచి, “ఆరు నెల్లు గూడా కాలేదే!” అని అరిచాడు. వాళ్ళకు కోపం వచ్చింది. రాదా మరి? తర్వాత ఈ కావలి సంబంధం వచ్చింది. ఇక్కడ బియ్యం మూడేళ్ళవి. పెళ్ళికొడుకు ముఖం ఆయన సరిగ్గా చూశాడో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది, కడుపులో రాయిలా కూర్చుంటుంది. అందుకని ఇంట్లో ఎంత ఇబ్బందిగా ఉన్నా చుట్టం వస్తే పాత బియ్యమే వండాలి. అల్లుడొస్తే మరీ పాతవి వండాలి. మా మామ ఇంట్లో ఒక గాదెలో మూడేళ్ళ మొలగొలుకుల వడ్లు ఎప్పుడూ ఉండేవి. అల్లుడో వియ్యంకుడో వస్తే తప్ప అందులో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. లోకమంతా ‘కొత్తొక వింత, పాతొక రోత’ అంటుంటే ఆయన దాన్ని తిరగేసి, “బియ్యం దగ్గర కొత్తే రోత మే, పాతే వింత” అనేవాడు.

అటువంటి మనిషికి జపానులో స్నేహితులు దొరికారు. ఎలాగంటే, యాభైలు ముగిసే రోజుల్లో, వరిని జపాను పద్ధతిలో వరసగా నాటమని ప్రభుత్వం ఊరూరా చెప్పించేది. ఒక ఉదయం మా మామ వాళ్ళ ఊళ్ళో జీపు ఆగి, ఇద్దరు జపానువాళ్ళు దిగారు. వాళ్ళ పేర్లు ఊళ్ళో ఎవరి నోటా తిరగలేదు. పెద్దాయన చేతిలో ఎర్రగుడ్డ పీలికలు ముడివేసిన తాడు ఉండేది. ఆ ముడి దగ్గరల్లా ఒక మొక్క నాటాలి. ఆయన తాడుసారు అయ్యాడు. రెండో ఆయన వయసులో చిన్న. పలకరిస్తే నవ్వేవాడు, తిడితే ఇంకా నవ్వేవాడు. ఆయన నవ్వులసారు.

తాడుసారు మొట్టమొదట తాడు పట్టుకుని దిగబోయింది మా మామ వరి కయ్యలోకి. మామ గట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు.

“నాటేదానికి తాడెందుకయ్యా? ఉరేసుకునేదానికా?”

నాట్లు వేసే ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నవ్వులసారు అడ్డం కూడా పెట్టుకోకుండా నవ్వాడు. తాడుసారు మాత్రం ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, మామ పక్కనుంచి తప్పుకుని బురదలోకి దిగి, తాడు కట్టుకుని ఒక్కడే నాటడం మొదలుపెట్టాడు. మామ గొడుగు వేసుకుని గట్టు మీదే నిలబడి, ఎక్కడ వంకర పోతుందా, ఎప్పుడు నవ్వుదామా అని చూశాడు. మధ్యాహ్నమైంది, వంకర పోలేదు. పొద్దు వాలింది, ఆయన నడుము ఎత్తలేదు. మామ గొడుగు మూసి గట్టున పెట్టి, పంచె ఎగ్గట్టి, తనూ దిగాడు. తాడు రెండో కొస పట్టుకున్నాడు.

“ఆయన్ని జూసి జూసి నాకు నడుము నొప్పొచ్చింది మే, అందుకని దిగినా” అని మా అత్తతో చెప్పాడట. తాడు పద్ధతి మంచిదని మాత్రం ఆయన నోటితో ఎన్నడూ ఒప్పుకోలేదు.

వాళ్ళిద్దరూ రెండు పంటకార్లు ఆ ఊళ్ళో ఉన్నారు. పగలు కయ్యలో, రాత్రి భోజనం మామ ఇంట్లో. తాడుసారు మోకాళ్ళ మీద కూర్చుని తినేవాడు. చూసేవాళ్ళకు కాళ్ళు తిమ్మిరెక్కేవి గాని ఆయనకేం అయ్యేది కాదు. ఒక్క మెతుకు ఆకులో వదిలేవాడు కాదు. మామ ఆ ఖాళీ ఆకు అందరికీ చూపించి, “జూసినారా, మూడేళ్ళ మొలగొలుకులంటే అదీ!” అని మీసం దువ్వేవాడు. చుట్టాలకు తప్ప తెరవని గాదె వాళ్ళ కోసం రోజూ తెరిపించాడు. మా అత్త ఆశ్చర్యపోయి, “వీళ్ళేమన్నా మన అల్లుళ్ళా?” అని అడిగితే, “తమ్ముళ్ళు” అన్నాడు.

తాడుసారు తెలుగు నేర్చుకున్నది కూడా మామ దగ్గరే. కాబట్టి జపాను ముఖంతో నెల్లూరు తెలుగు వచ్చేది. నేను పదేళ్ళ పిల్లను, పరికిణీ తడుపుకుని కాలవలో ఆడుతుంటే, “యాడికి పొయ్యావు పాపా, మీ మామ ఎతకతా ఉండాడు” అని ఆయన కేకవేయడం నాకు బాగా గుర్తు. వెళ్ళేటప్పుడు ఆ ఎర్రముడుల తాడు చుట్టచుట్టి మామ చేతిలో పెట్టాడు. మామ దాన్ని నట్టింట్లో, మా తాత పటం పక్కన మేకుకు తగిలించాడు.

తర్వాత కొన్నేళ్ళకు తాడుసారు దగ్గరనుంచి పిలుపు వచ్చింది. ఓడ టిక్కెట్టు కూడా పంపించాడు. ఒసాకాలో ఓడ సరుకు దించి ఎక్కించుకునే ఆ నాలుగు రోజులూ తనింట్లో ఉండి, మళ్ళీ అదే ఓడలో తిరిగి వెళ్ళమని. ఊళ్ళో ఇక వేరే మాట లేదు. మునసబుకు మాత్రం కడుపు మండింది. ఆయనకు మద్రాసు దాటి పోయిన అనుభవం లేదు.

“వాళ్ళు పని మీద వచ్చిపోయిన ఉద్యోగస్తులబ్బా” అన్నాడు మునసబు, నలుగురూ వింటుండగా. “నిన్ను ఆదర్శ రైతని పదిమందికి జూపించేదానికి పిలుస్తుండారు. నువ్వు అన్నా తమ్ముడా అని మూటెత్తుకుని పోతే, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడి పంపిస్తారు.”

మామ మీసం మీద చెయ్యి వేశాడు. “ఆడ నాకు తమ్ముడుండాడు. తమ్ముడు కాదని తేలితే ఈ మీసం తీసేసి ఊళ్ళోకొస్తా. ఇంగ జాలా?”

ఆ మీసం లేని మామను ఊరెప్పుడూ చూడలేదు. అది నాట్లకు సిద్ధమయ్యే కాలం. ఆ వేళలో పొలం వదిలి వెళ్ళే రైతు ఉంటాడా అని కూడా అన్నారు. దానికి మాత్రం మా అత్తే జవాబు చెప్పింది. “పొయి రండి. నాట్లు నేనేయిస్తా. మీరు చేసేది గట్టు మీద గొడుగు పట్టుకోడమే గదా, ఆ గొడుగు నేను బట్టుకుంటా.”

గాదె అడుగునుంచి మూడేళ్ళ వడ్లు తీశారు. దంచి, చెరిగి, రాళ్ళు ఏరి, కొత్త గుడ్డసంచిలో పోసి మా అత్త మూతి కుట్టేసింది. ఓడలో ఆ మూటే తలగడ. సముద్రం మీద ఆయన కక్కుకున్న సంగతి ఆయనెప్పుడూ చెప్పలేదు, అది వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. మూట మాత్రం కిందపెట్టలేదట.

అక్కడినుంచి కథ ఆయన నోట వినాల్సిందే. చెప్పేటప్పుడు లేచి నిలబడేవాడు, వంగేవాడు, ఒకరి తర్వాత ఒకరుగా అందరి వేషాలూ తనే వేసేవాడు. మా అత్త తమలపాకులు తుడుస్తూ మధ్యమధ్య దిద్దేది.

రేవులో తాడుసారు, నవ్వులసారు ఇద్దరూ నిలబడి ఉన్నారు. తాడుసారు నడుము దాకా వంగి లేచి, పలికిన మొదటి మాట ఏమిటో తెలుసా?

“అన్నా, కాలవకి నీళ్ళొచ్చినాయా?”

ఇది చెప్పేటప్పుడు మామ ప్రతిసారీ ఆగి, మా అందరి ముఖాలూ చూసేవాడు. “బాగుండావా అన్లా, ప్రయాణం ఎట్ట జరిగింది అన్లా. నీళ్ళొచ్చినాయా అన్నాడు మే! తమ్ముడు గాకపోతే అడగతాడా?” అనేవాడు. మీసం బతికిపోయిందని అప్పుడే అనుకున్నాడట.

ఒసాకా గురించి ఆయన చెప్పింది తక్కువ. “ఆ ఊళ్ళో జనమంతా ముహూర్తం దాటిపోతన్నట్టు నడస్తా ఉంటారు. దీపాలు చూస్తే, అమాసంటే ఏందో ఆ ఊరికి తెలవదు.” ఆయన పంచె చూసి వీధిలో పిల్లలు వెంటపడితే, తాడుసారు నేర్పినట్టు వాళ్ళకూ నడుము వంచి దండం పెట్టాడట. రైల్లోంచి చూస్తే ఇళ్ళ మధ్యన కూడా చేలు, కోతకొచ్చిన వరి. “ఒక్క వంకర సాలన్నా దొరకతాదేమోనని మెడ నొప్పెట్టిందాకా జూసినా. లేదు మే. అంతా మన సారు తాడే.”

మొదటి రాత్రి భోజనం. తాడుసారు భార్య చిన్న గిన్నెలో తెల్లగా మెరిసే అన్నం రెండు చేతులతో పట్టుకొచ్చి మామ ముందు పెట్టి, పక్కన కూర్చుని ఆయన ముఖం వైపే చూస్తోంది. మామ అలవాటు ప్రకారం ఒక్క మెతుకు తీయబోయాడు. ఒకటి రాలేదు, నాలుగు కలిసి వచ్చాయి. పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

“పది రోజులు!” అనేవాడు మామ, ఆ భయం ముఖంలోకి మళ్ళీ తెచ్చుకుని. “పది రోజుల బియ్యం మే! కయ్యలో నుంచి నేరుగా నా గిన్నెలోకొచ్చినట్టుండాది!”

మింగలేక కక్కలేక ఆ పూట ఎలాగో తిన్నాడు. తెలియక వండారేమో, రేపు చూద్దాం అనుకున్నాడు. మర్నాడూ, ఆ మర్నాడూ అదే. పైగా అప్పుడు ఇంకొకటి కంటబడింది. ఇంట్లోవాళ్ళ గిన్నెల్లో అన్నం వేరు. అంత మెరుపు లేదు, అంత జిగురు లేదు. కంటితో చూసే చెప్పేశాడు, అవి నిరుటివి. ఇంట్లోవాళ్ళకు పాతవి, తనకు కొత్తవి! సరే, తను తెచ్చిన మూడేళ్ళ మూట ఏమైందని చూస్తే, అది మెట్ల కింద మూలన ఉంది. విప్పి, మళ్ళీ కుట్టేసి, మీద గుడ్డ కప్పేశారు. పక్కన కొత్తగా ఇంకో మూట వచ్చి కూర్చుంది.

మామకు మునసబు మాట గుర్తొచ్చింది. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడటమంటే ఇదే కదా అనుకున్నాడు. రేవులో నీళ్ళ సంగతి అడిగినవాడు ఇంటికొచ్చాక ఇలా చేస్తాడా? మనసు విరిగిపోయింది. ఓడ మర్నాడు బయల్దేరుతుంది.

చివరి సాయంత్రం మామ అలిగాడు. అలక అంటే మామూలు అలక కాదు. గోడ వైపు తిరిగి పడుకుని, తల మీదుగా దుప్పటి లాక్కుని, ఎవరు పిలిచినా పలకలేదు. తాడుసారు భార్య కంగారుపడి, ఒంట్లో బాగాలేదేమోనని అదే కొత్త బియ్యంతో మెత్తగా గంజి కాచి, ఉప్పులో ఊరిన ఒక పులుపు కాయ అందులో వేసి తెచ్చి తలదగ్గర పెట్టింది. దుప్పటి సందులోంచి ఆ గంజి చూసి మామ ఇంకా అలిగాడు.

తాడుసారు వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయనకు ఎక్కడో ఇది చూసిన గుర్తు. మా మామ ఇంట్లో, వాళ్ళ పెద్దల్లుడు పెరుగు పులిసిందని ఇట్లాగే గోడవైపు తిరిగి పడుకుంటే, ఇల్లంతా బతిమాలడం ఆయన కళ్ళారా చూశాడు. ఆ దుప్పటి, ఆ వీపు, అన్నీ కలిశాయి. వంగి, మెల్లగా అడిగాడు.

“ఏందన్నా, అలిగినావా?”

మామ దుప్పటి విసిరికొట్టి లేచి కూర్చున్నాడు. “అలగక? నేను నీకేం తక్కువ జేసినా? మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అల్లుళ్ళకి పెట్టే మూడేళ్ళ బియ్యం పెట్టినా గదా నీకు! నువ్వు నాకు పది రోజుల బియ్యం పెడతావా? మా ఊళ్ళో దారిన పొయ్యేవాడికి గూడా పెట్టమే! నీ గిన్నెలో నిరుటివి, నా గిన్నెలో కొత్తవి! నేను తెచ్చింది మెట్ల కింద! తమ్ముడనుకుని సముద్రం దాటొచ్చినా గదరా!”

గుమ్మంలో నవ్వులసారు నిలబడి ఉన్నాడు. మామ ఆయన్ని నవ్వకుండా చూడటం అదే మొదలు, అదే చివర.

“అన్నా,” అన్నాడు తాడుసారు, “మా దేశంలో కొత్త బియ్యమే గదన్నా పెద్ద మర్యాద. మా అన్న చేలో ఇంకా కోతలు పడలా. నువ్వొస్తుండావని ఒక్క మూల ముందరే కోసి, ఆరబోసి, దంచి ఎత్తుకొచ్చినాడు. ముందర మా నాయన పటం కాడ పెట్టినాం. ఆయన తర్వాత నీకే. మేమింకా ఆ బియ్యం ముట్టుకోలా.”

మామ గొంతు కాస్త దిగింది. “మరి నా మూట?”

తాడుసారు తల వంచుకుని ఆ సంగతీ చెప్పాడు. మూట విప్పేసరికి రంగు మారిన పాత బియ్యం, ఓడలో పట్టిన నాలుగు ముక్కపురుగులు కనబడ్డాయట ఆయన భార్యకు. ఇండియాలో తిండిగింజలకు కటకటగా ఉందని ఆమె రేడియోలో వింది. అయ్యో, ఇంట్లో మిగిలిన ఆ కాసిని పాత గింజలూ మనకోసం ఊడ్చి తెచ్చాడే, పిల్లల నోటి దగ్గర కూడు, అని కూర్చుని ఏడ్చింది. అందులోంచి ఒక్క గింజ ముట్టుకుంటే పాపం వస్తుందంది. దాన్ని తిప్పి పంపించాలని, తోడుగా ఇంటిల్లిపాదికీ ఇంకో మూట కొత్త బియ్యం కట్టి సిద్ధంగా పెట్టింది.

“నువ్వన్నా చెప్పకూడదా ఆమెకి? మా ఇంట్లో తిన్నావు గదా!” అన్నాడు మామ.

“తిన్నా అన్నా. నేనూ అట్నే అనుకున్నా. కొత్తది అమ్ముకుని పాతది తింటుండారు, పాపం ఇబ్బందుల్లో ఉండారు, అయినా నాకు పెడతా ఉండారు అని. అందుకే ఒక్క మెతుకు గూడా ఆకులో వదల్లా.”

ఇక్కడికొచ్చేసరికి మామ చెప్పలేకపోయేవాడు. ఇన్నేళ్ళు మీసం దువ్విన ఖాళీ ఆకు అదా! నవ్వు వచ్చి, నవ్వు దగ్గయి, కళ్ళు తుడుచుకుని, “నేను ఆయన్ని అల్లుణ్ణి జేసినా, ఆయన నన్ను బీదోణ్ణి జేసినాడు” అనేవాడు. అక్కడ ఆ గదిలో ముందు నవ్వింది కూడా ఆయనేనట. తర్వాత తాడుసారు. నవ్వులసారు బాకీ పడ్డ నవ్వంతా కలిపి నవ్వాడు.

ఆ రాత్రి మామ పంచె ఎగ్గట్టి వంటింట్లోకి దూరాడు. సొంతింట్లో మంచినీళ్ళు కూడా తనంతట తాను ముంచుకోని మనిషి! పురుగులేరి, బియ్యం కడిగి, ఎసట్లో పోసి, ఉడికాక గంజి వార్చబోయి సగం గంజి పాదం మీద వార్చుకున్నాడు. ఆ మచ్చ మాకు చూపించేవాడు. అన్నం మాత్రం పూలు రాల్చినట్టు పొడిపొడిగా వచ్చింది. వాళ్ళు అలవాటుగా రెండేసి పుల్లలతో తినబోతే ఒక్క మెతుకు నిలిస్తే ఒట్టు. ఎత్తడం, జారిపోవడం. నవ్వులసారు ఒక్కొక్క మెతుకే పట్టుకుని నోటిదాకా తీసుకెళ్ళి, అక్కడ జారవిడిచాడు. చివరికి తాడుసారు పుల్లలు పక్కన పెట్టి, చేత్తో కలుపుకుని ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు. ఆయన భార్య అటూ ఇటూ చూసి తనూ చెయ్యి పెట్టింది. మామ తను మాత్రం ఆ పాత బియ్యం ముట్టలేదు. కొత్త బియ్యం గిన్నె తన ముందుకు లాక్కుని, పీకలదాకా తిన్నాడు.

“ఎట్టుండింది మామా?” అని అడిగాను ఒకసారి.

“పాలవాసన మే. అంతే. కడుపు మాత్రం ఓడెక్కిందాకా కుదుటపళ్ళా.”

ఊళ్ళోకి మీసంతోనే వచ్చాడు. మునసబు వాకిట్లోనే కాచుకుని ఉన్నాడు.

“ఏం పెట్టినారబ్బా నీ తమ్ముళ్ళు?”

మామకు అబద్ధం నోట రాదు. “కొత్త బియ్యం” అన్నాడు.

ఊరు ఊరంతా గొల్లుమంది. మీసం తియ్యమన్నారు. తియ్యనన్నాడు. ఒక్క మూల ముందుగా కోసిన సంగతీ, పటం ముందు పెట్టిన సంగతీ ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. “కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది, అట్నే చెప్పుకోవాలలే” అన్నాడు మునసబు. అప్పటినుంచి పిల్లలు కూడా ఆయన్ని చూసి ‘కొత్తబియ్యం మామ’ అనడం మొదలుపెట్టారు. ఆయన వాళ్ళకు నడుము వంచి దండం పెట్టేవాడు.

అంతేకాదు, ఏటా కోతల మొదటి రోజున ఒక శేరు కొత్త బియ్యం దంపించి, వండించుకుని, అరుగు మీద ఊరందరికీ కనబడేట్టు కూర్చుని తినేవాడు. “ఈ పొద్దు నేను ఒసాకాలో ఉండా” అనేవాడు. సాయంత్రానికి కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే మా అత్త వాము నలిపి ఇచ్చేది. “ఒసాకా నుంచి ఎప్పుడొస్తారో చెప్పండి, వేడినీళ్ళు పెడతా” అనేది.

నా పెళ్ళయ్యాక, అరవైల చివర, సంక్రాంతికి చాలా ముందే ఒకసారి నేను మామ ఇంటికి వెళ్ళాను. వెళ్ళేసరికి ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉంది. తాడుసారు పోయాడని నవ్వులసారు కబురు పంపాడని మా అత్త గుమ్మంలోనే గుసగుసగా చెప్పింది. “పొద్దున్నే కొడవలెత్తుకుని కయ్యకి పోయినాడు” అంది.

“కోతలింకా రాలేదు గదత్తా?”

“అదే నేనూ అంటుండా.”

మామ కాసేపటికి తిరిగొచ్చాడు. చంకలో ఒక చిన్న వరిపన. కయ్యలో ఒక మూల మాత్రం కోసుకొచ్చాడు. గింజ సగం పచ్చిగా ఉంది. దాన్ని వేయించి, ఆరబెట్టి, రోట్లో తనే దంచాడు. మా అత్త ఎసరు పెట్టింది. నట్టింట్లో రెండు ఆకులు, ఒక గిన్నె పెట్టమన్నాడు.

అన్నం ముద్దగా, ఆకుపచ్చగా వచ్చింది. మామ గిన్నెలోకి తీసి, రెండు చేతులతో పట్టుకెళ్ళి, మా తాత పటం ముందు కాదు, పక్కన మేకుకు వేలాడే ఎర్రముడుల తాడు కింద పెట్టాడు. నడుము దాకా వంగి లేచాడు. తర్వాత నాకు వడ్డించాడు.

“కావలిలో మూడేళ్ళవి తినే పిల్లకి కొత్తవి పెడతారా?” అంది మా అత్త, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“దానికే పెట్టాల” అన్నాడు మామ.

ముద్ద చేతికంటుకుంది. వేడివేడిగా పాలవాసన వచ్చింది. నేను తింటున్నాను. మామ తన ఆకు ముందు కూర్చున్నాడే గాని చెయ్యి పెట్టలేదు. తాడు కింది గిన్నె వైపే చూస్తున్నాడు. ఆవిరి సన్నగా పైకి లేచి ఆగిపోయింది. ఉన్నట్టుండి మామ మెల్లగా, ఇంట్లో మనిషితో అన్నట్టు అన్నాడు.

“ఏంది తమ్ముడా, అలిగినావా?”

మా అత్త చేతిలో గరిటె ఆగింది. మామ కండువాతో ముఖం అదుముకున్నాడు. ఎంతసేపటికీ తియ్యలేదు.

“ఏమైందండీ?” అంది అత్త.

“కడుపునొప్పి మే. కొత్త బియ్యం గదా” అన్నాడు.

ఆకులో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయన ఇంకా ఒక్క మెతుకు కూడా నోట్లో వేసుకోలేదు.